ఎద్దుకున్న సెలవు కూలికి లేదు

శ్రావణ అమావాస్య వచ్చిందంటే ఆసిఫాబాద్, వాంకిడి, కెరమెరి, జైనూరు దిక్కు ఊర్లల్ల పొలాల పండుగ. ఆ దినం ఎద్దు మెడ మీద కాడి పెట్టరు. వాగుకు తోలుకపోయి రుద్ది రుద్ది కడుగుతరు. కొమ్ములకు రంగులేస్తరు. కాడి రాసుకొని కాయ కాసిన మెడకు నెయ్యి, పసుపు పట్టిస్తరు. తీపి తినిపించి మొక్కుతరు. ఆ దినం ఎద్దును కొడితే పాపమంటరు. మహారాష్ట్ర దిక్కు కూడా ఇదే పండుగ, వాళ్లు పోలా అంటరు.

ఈ పండుగను మేము తప్పు పట్టడం లేదు. ఎద్దు కష్టాన్ని గుర్తు పట్టిన పండుగ అది. మా ప్రశ్న వేరే. ఆ ఎద్దును వాగుల కడిగిన జీతగాని మెడ ఎట్లున్నదని అడిగినోడు ఎవడన్న ఉన్నడా? మందు పంపు వీపున మోసి మోసి వంగిన భుజానికి నెయ్యి రాసినోడు ఉన్నడా? తరతరాలుగ ఈ ఊర్లల్ల ఎద్దుకు ఏడాదికి ఒక్క దినమన్న సెలవు దొరికింది. దాని ఎనుక నడిచిన మాల, మాదిగ, నేతకాని, మాంగ్ కూలికి దొరకలేదు. పైగా ఆ పండుగ నాడు ఎద్దుల ముంగట డప్పు కొట్టేది కూడా మనమే.

పొద్దంత కష్టం చేసి వచ్చినంక ఆ అలసట ఎట్ల తీర్చుకోవాలె? ఈ సంచికల మేము మాట్లాడదలుచుకున్నది ఇదే. ఇది విని కొందరు కార్యకర్తలు నవ్వవచ్చు. భూమి సమస్య ఉన్నది, దాడుల కేసులున్నయి, హాస్టల్ పిల్లల సమస్యలున్నయి, వాటి నడుమ ఈ కాళ్ల నొప్పుల ముచ్చటేందని అనవచ్చు. ఆదివారం పేపర్లల్ల ఒత్తిడి తగ్గించుకునే మార్గాలని రాస్తరు. గులాబీ నీళ్ల స్నానం, మెత్తటి సంగీతం, కొండ మీద హోటల్‌ల రెండు రోజులు. అది చదివి మనకు సంబంధం లేని ముచ్చట అనుకొని పేజీ తిప్పేస్తం. మేమనేది ఏందంటే, పేజీ తిప్పేసుడే తప్పు. అలసట అందరికన్న ఎక్కువ ఉన్నోళ్లం మనం. దాన్ని తీర్చుకునే హక్కు గురించి మాట్లాడాల్సింది కూడా మనమే.

ముందుగాల మాటలు చూడుండ్రి. దొర పగటి పూట పండుకుంటే అది విశ్రాంతి. దొరసాని పండుకుంటే నడుం వాల్చింది అంటరు. కూలోడు చెట్టు కింద కూసుంటే? సోమరిపోతు, పనిదొంగ, ఒళ్లు వంగనోడు. ఒకటే పని, ఒకటే ఎండ, ఒకటే ఒళ్లు. కులం మారంగనే మాట మారింది. శూద్రునికి పై మూడు వర్ణాల సేవ ఒక్కటే పని అని మనువు రాసి పెట్టిండు. అంటరానోళ్లను ఆ లెక్కల కూడా చేర్చకుండ ఊరి బయటికి తోసిండు. సేవ చేసేటోడు కూసుంటే సేవ ఆగినట్టే గదా. అందుకే మన కూసునుడు వాళ్ల కండ్లకు నేరమైంది.

మన పెద్దమనుషులను అడగండి. ఊరి నడుమ రావి చెట్టు కింద రచ్చకట్ట ఉండేది. దాని మీద మనకు జాగ లేదు. మన ఇంటి ముంగట మన మంచం మీద మనం కూసున్నా దొర ఆ తొవ్వల వస్తున్నడంటే లేచి నిలబడాలె. చెప్పులు చేతుల పట్టుకోవాలె. పొద్దుగూకినంక ఒక గడియ కూసునే సుఖం కూడా వాని అడుగుల చప్పుడు మీద ఆధారపడి ఉండేది. వెట్టి అంటే కూలి ఇయ్యకపోవుడు ఒక్కటే కాదు. మన టైం మన చేతుల లేకపోవుడు వెట్టి. నడిజాముల పిలిచినా పోవాలె, జ్వరం వచ్చినా పోవాలె.

అందుకే వాడల్ల అంబేద్కర్ విగ్రహం గద్దె కట్టినంక ఒక కొత్త ముచ్చట జరిగింది. దీన్ని ఎవరూ రాయలేదు గని మేము చూసినం. సాయంత్రం అయితే ఆ గద్దె మీద ముసలోళ్లు కూసుంటరు. కూలికి పోయి వచ్చిన పోరగాండ్లు కాళ్లు వేలాడేసుకొని కూసుంటరు. ఎవడొచ్చినా లేవరు. ఆ గద్దె మీద దండలు, జెండాలు ఏడాదికి రెండు మూడు సార్లే. కూసునుడు రోజూ ఉంటది. బాబాసాహెబ్ మనకు ఇచ్చినవాట్ల కూసునే జాగ కూడా ఒకటని మేమంటే అది చిన్న మాటేం కాదు.

కాకపోతే ఆ గద్దె మీద కూడా ఆడవాళ్లు కనబడరు. వాళ్లెక్కడున్నరు?

పత్తి ఏరే కాలంల ఒక కూలి అక్క దినం లెక్క పెట్టి చూద్దాం. కోడి కూతకు లేస్తది. ఆకిలి ఊకుతది, బోళ్లు తోముతది, నీళ్లు పడతది, రొట్టెలు చేస్తది, పిల్లలను బడికి తయారు చేస్తది. సద్ది కట్టుకొని ఎనిమిది గొట్టంగ ట్రాలీ ఆటోల ఒంటికాలి మీద నిలబడి పోతది. చేన్ల వంగితే మళ్ల లేచేది సద్ది తినే టైంకే. పత్తికాయ మొనలు గోళ్ల సందుల గుచ్చుకుంటయి. నడుముకు కట్టిన ఒడి నిండుతున్న కొద్దీ ఇంకింత కిందికి గుంజుతది. కూలి కిలోకు ఇంత అని లెక్క. అంటే నీళ్లు తాగుతందుకు లేచినా పైసలు పోతయి, పిల్లకు పాలిస్తందుకు కూసున్నా పైసలు పోతయి. దినం కూలి ఉన్నప్పుడు మేస్త్రి మొత్తుకునేటోడు, కిలో లెక్క వచ్చినంక మేస్త్రి అవసరమే లేదు. మన కడుపే మనల్ని తరుముతది. గుత్త పని, కిలో లెక్క మంచిగున్నదని, నాలుగు పైసలు ఎక్కువొస్తున్నయని మనోళ్లే అంటున్నరు. వస్తున్నయి, కాదనం. మరి ఆ నాలుగు పైసలు ఎవరి నడుములకెళ్లి వస్తున్నయో కూడా లెక్క రాయాలె గదా.

పొద్దుగూకినంక ఇంటికొస్తది. మగడు గడప మీద కూసుంటడు. ఆమె పొయ్యి కాడ కూసుంటది. ఇద్దరూ కూసున్నట్టే కనబడతది గని, ఒకరిది విశ్రాంతి, ఒకరిది రెండో షిఫ్టు.

ఇది మేము కోపంతోటి అంటున్న మాట కాదు. కేంద్ర ప్రభుత్వం 2019ల దేశమంతా జనం టైం ఎట్ల గడుపుతున్నరో సర్వే చేసింది. జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్లు దినానికి సగటున 299 నిమిషాలు చేస్తున్నరు. మగవాళ్లు 97 నిమిషాలు. అది కూడా ఇంటి పని ముట్టే మగవాళ్లు నూటికి 26 మందే. ఆడవాళ్లయితే 81 మంది. 299 నిమిషాలంటే అయిదు గంటలు. చేన్ల ఎనిమిది గంటలు, వారానికి ఆరు దినాలే పోతది అనుకుందాం, 48 గంటలు. ఇంట్ల అయిదు గంటలు ఏడు దినాలు, 35 గంటలు. మొత్తం 83 గంటలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021ల ఒక లెక్క బయటపెట్టినయి. వారానికి 55 గంటలు, అంతకు మించి పని చేసేటోళ్లకు, 35-40 గంటలు చేసేటోళ్ల కంటే పక్షవాతం ప్రమాదం 35 శాతం ఎక్కువట. 2016 ఒక్క ఏడాదే అట్ల ఎక్కువ గంటల పనితోటి పక్షవాతం, గుండెజబ్బు వచ్చి 7 లక్షల 45 వేల మంది పోయిండ్రు. 55 గంటలకే ఇట్లయితే 83 గంటల మన అక్కల సంగతి ఏందో మీరే ఆలోచించుండ్రి. అలసట అంటే ఆవులింత కాదు, ఆయుష్షు.

పని గంటల కోసం 1886ల చికాగో కార్మికులు నెత్తురు ధారపోసిండ్రు. ఎనిమిది గంటలు పని, ఎనిమిది గంటలు నిద్ర, ఎనిమిది గంటలు మాకోసం అనేది వాళ్ల డిమాండు. ఆ మూడో ఎనిమిది గంటలు చూడుండ్రి. తిన్నంక, పండుకున్నంక ఇంకా మనిషికి కొంత టైం కావాలని వాళ్లు అడిగిండ్రు. మన దేశంల ఈ పని ముందుకు తీసుకపోయిన వాళ్లల్ల బాబాసాహెబ్ ఒకరు. వైస్రాయి కౌన్సిల్‌ల 1942 నుంచి 1946 దాకా ఆయన కార్మిక శాఖ చూసిండు. 1946ల ఫ్యాక్టరీల చట్టానికి ఆయన తెచ్చిన సవరణతోటి, ఏడాదంతా నడిచే ఫ్యాక్టరీలల్ల వారానికి 54 గంటలున్న పని 48 గంటలైంది. ఇయ్యాల సింగరేణి బాయిల షిఫ్టు అయిపోయిందని చేతులు కడుక్కునే కార్మికుడు, కాగజ్‌నగర్ మిల్లుల షిఫ్టు దిగే కార్మికుడు, వాని కులమేదైనా, ఆ పోరాటాల నీడలనే కూసుంటున్నడు. మన చేన్లకు మాత్రం షిఫ్టు లేదు, సైరన్ లేదు.

అయితే చేన్ల పని చేసేటోళ్లను రాజ్యాంగం మరిచిపోలేదు. 43వ అధికరణం తీసి చదవండి. వ్యవసాయ కార్మికులు, పరిశ్రమల కార్మికులు, ఇంకే కార్మికులకైనా సరే బతకతగిన వేతనం, మంచి పని పరిస్థితులు ఉండాలని, తీరిక సమయాన్ని పూర్తిగా అనుభవించే అవకాశం ఉండాలని, దానికోసం రాజ్యం పాటుపడాలని అందుల ఉన్నది. వ్యవసాయ కార్మికుల పేరే ముందు రాసిండ్రు. తీరిక అనే మాట రాజ్యాంగంల ఉన్నదని మనల ఎంతమందికి తెలుసు? ఇది ఆదేశిక సూత్రం, కోర్టుకు పోయి గుంజుకునే హక్కు కాదు, నిజమే. కాని అడిగేటందుకు ఒక కాగితం ఉన్నది. కూలి రేట్ల కోసం దశాబ్దాలుగ కొట్లాడుతున్నం. తీరిక కోసం ఒక్క ధర్నా అన్న చేసినమా?

1945ల వచ్చిన పుస్తకంల కాంగ్రెస్, గాంధీ అంటరానివాళ్లకు చేసిందేందో అంబేద్కర్ విప్పి చెప్పిండు. అందుల తీరిక గురించి కూడా ఒక పెద్ద వాదన ఉన్నది. పశువుకు కడుపు నిండితే చాలు, మనిషికి మనసు కూడా పెరగాలె, మనసు పెరగాలంటే తీరిక ఉండాలె, అందరికీ తీరిక దొరకాలంటే యంత్రం కావాలె అని ఆయన అన్నడు. రాట్నం ముంగట కూసోబెట్టి పేదోన్ని చెమటల ముంచే ఆదర్శాన్ని ఆయన ఒప్పుకోలేదు. అంత చదువు, అంత పని చేసిన మనిషి తన చివరి ఏండ్లల్ల వయొలిన్ నేర్చుకున్నడు. ఇది మన కార్యకర్తలు గుర్తు పెట్టుకోవాలె.

మరి ప్రభుత్వాలు మనకు ఏ తీరిక ఇచ్చినయి? ఇచ్చినయి, మేము కాదనం. 1980లల్ల సారాను ప్యాకెట్ల నింపి వారుణి వాహిని అని పేరు పెట్టి ఊరూరికి పంపినయి. బడి లేని వాడకు కూడా ప్యాకెట్ చేరింది. 1992ల నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు లేచిండ్రు. ఆ మంట రాష్ట్రమంతా అంటుకున్నది. 1993 అక్టోబర్ 1న సారా నిషేధం వచ్చింది. 1995ల మొత్తం మద్యనిషేధం వచ్చింది. 1997ల ఎత్తేసిండ్రు. తెలంగాణ వచ్చినంక 2021ల వైన్ షాపుల లైసెన్సులల్ల మనకు రిజర్వేషన్ ఇచ్చిండ్రు, దళితులకు 10 శాతం. 2023ల షాపుల కోసం ఒక్కో దరఖాస్తుకు తిరిగి ఇయ్యని ఫీజు 2 లక్షలు పెడితే 1 లక్షా 31 వేలకు పైగా దరఖాస్తులు వచ్చినయి. ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకు 2,600 కోట్లకు పైగా చేరింది. ఆ కోట్లు ఎక్కడికెళ్లి తిరిగొస్తయో మనకు తెలుసు. వైన్ షాపు రోడ్డు మీద ఉంటది, దాని పిల్ల బెల్టుషాపు మన వాడల ఉంటది. కొన్ని వాడలల్ల గ్రంథాలయం లేదు, ఆడుకునే జాగ లేదు, నర్సమ్మ లేదు, బెల్టుషాపు మాత్రం అర్ధరాత్రి తలుపు కొట్టినా తెరుస్తది.

తాగే అన్నలను తిట్టుతందుకు మేము రాస్తలేం. గాంధీ బొమ్మ కింద కూసొని సుద్దులు చెప్పే రకం కాదు మేము. ఒళ్లు నొప్పులకు తాగుతున్న, తాగకుంటే నిద్ర పట్టది అని అన్న అంటున్నడు. ఆయన నొప్పి అబద్ధం కాదు. ఆయనకు దొరికిన మందే అబద్ధం. మందు తాగితే తొందరగ నిద్ర వస్తది, ఇది నిజం. కాని అది సగం రాత్రి నిద్రే. మందు దిగుతున్న కొద్దీ నిద్ర చెదురుతది. మూడు గంటలకు మెలకువ, నోరెండుడు, గుండె దడ. పొద్దంత చెమటలల్ల నీళ్లు పోయిన ఒంట్లకెళ్లి అది ఇంకింత నీళ్లు గుంజుతది. తెల్లారి పాత అలసట మీద కొత్త అలసట. మళ్ల సాయంత్రం దానికి మళ్ల మందు. ఇట్ల అప్పు మీద అప్పు లెక్క నడుస్తది, వడ్డీ ఇంట్ల ఆడమనిషి వీపు మీద పడుతది.

కల్లు సంగతి వేరే అంటరు కొందరు. చెట్టు మీదికెళ్లి దిగిన కల్లు గురించి మాకు గొడవ లేదు. కాంపౌండ్ల కలిపే మత్తు మందుల గురించే మా గొడవ. 2015ల అధికారులు కల్తీ కల్లు ఆపితే నిజామాబాద్, మహబూబ్‌నగర్ దిక్కు జనం పిచ్చి లేచినట్టు దవాఖానల పాలైండ్రు. అంటే వాళ్లు అన్నేండ్లు తాగింది కల్లు కాదు, నిద్రగోలీల నీళ్లు. 2025 జూలైల హైదరాబాద్ కూకట్‌పల్లిల కల్తీ కల్లు మనుషులను మింగింది. ఇంకో మోసం నొప్పుల సూది. వారానికోసారి పోయి సూది ఏపిచ్చుకునేటోళ్లు మన వాడల మస్తుమంది. ఆ సూదులు, గోలీలు ఎండల పని చేసి నీళ్లు తక్కువైన ఒంట్ల కిడ్నీలను కొడతయి. నొప్పి పోయిందని మురుస్తం, నొప్పి చెప్పే నోరు మూసినమని తెల్వది.

మరి ఏం చేయాలె? రేట్లు పెరిగేదాక, చట్టాలు మారేదాక ఈ రాత్రికి ఏం చేయాలె? ఖర్చు లేని దారులు కొన్ని ఉన్నయి. కొన్ని మన ముసలవ్వలకు తెలిసినవే.

ఇంటికి రాంగనే పొయ్యి కాడికి పోకుండ్రి. ముందుగాల రెండు చెంబుల నీళ్లు మెల్లగ తాగండి. ఉప్పేసిన మజ్జిగనో, జొన్న అంబలినో ఉంటే ఇంకా మంచిది. ఎండల పని చేసినోళ్లకు నెత్తి నొప్పి, చిరాకు వచ్చేది సగం నీళ్లు తక్కువైతేనే. పిల్లల మీద పడే దెబ్బలల్ల కొన్ని ఈ రెండు చెంబులతోటే ఆగిపోతయి. తర్వాత వేడినీళ్లు. వాయిలాకు వేసి కాగబెట్టిన నీళ్లు బాలింతకే కాదు, నాటుకు పోయి వచ్చిన ప్రతి నడుముకు కావాలె. అంత పొయ్యి, అంత కట్టె లేకపోతే ఒక బకెట్టుల గోరువెచ్చటి నీళ్లు, పిడికెడు ఉప్పు, అందుల పాదాలు పెట్టి ఒక పావుగంట. ఎద్దు మెడకు నెయ్యి రాసే చెయ్యి మనదే గదా, ఆ చేతితోటి ఒకరి భుజాలు ఒకరం ఆముదం పెట్టి రుద్దుకుందాం. నెయ్యి అవసరం లేదు. పుండ్లున్నోళ్లు, షుగర్‌తోటి పాదాలు మొద్దుబారినోళ్లు మాత్రం వేడినీళ్ల కాడ జాగ్రత్త, కాలింది తెల్వకుండ బొబ్బలొస్తయి.

పొద్దంత వంగిన నడుము చాప మీద సాఫుగ ఎల్లకిల పండుకోవాలె. మోకాళ్లు మడిచి, లేకుంటే కాళ్లు గోడకు ఆనిచ్చి పది నిమిషాలు. అట్లనే పండుకొని ఇంకొకటి చేసి చూడుండ్రి. పిడికిలి గట్టిగ బిగబట్టి పది లెక్కబెట్టి వదిలిపెట్టండి. తర్వాత భుజాలు, తర్వాత మొఖం, కడుపు, తొడలు, పాదాలు. బిగబట్టుడు, వదులుడు. ఎడ్మండ్ జాకబ్‌సన్ అనే అమెరికా డాక్టరు దీని మీద 1929ల పెద్ద పుస్తకమే రాసిండు. బిగుసుకున్న కండ వదులైతే మనసు కూడా వదులైతదని ఆయన అన్నడు. మనకు దాని అర్థం చెప్పాల్సిన పని లేదు. దొర ముంగట నిలబడ్డప్పుడు భుజాలు ఎట్ల బిగుసుకుంటయో మన ఒంటికి ఎరుకే.

శ్వాస ముచ్చట ఇంకా సులువు. ముక్కుతోటి నాలుగు లెక్కబెట్టేంత సేపు పీల్చి, ఆరు లెక్కబెట్టేంత సేపు మెల్లగ వదలాలె. వదులుడే ఎక్కువ సేపు ఉండాలె. గుండె నిమ్మళిస్తది. ఇది బాబాల దగ్గర కొనుక్కునే విద్య కాదు, టీవీల కూసొని పైసలు అడిగేటోళ్లది కాదు. వచ్చిపోయే శ్వాసను గమనించుమని బుద్ధుడు రెండున్నర వేల ఏండ్ల కిందట్నే ఊరూరికి తిరిగి చెప్పిండు, ఉట్టిగనే చెప్పిండు.

ఫోను గురించి ఒక్క మాట. పోరగాండ్లు రాత్రి ఒంటిగంట దాకా రీల్స్ చూసుడు విశ్రాంతి అనుకుంటున్నరు. అది వేలుకు పని, కంటికి పని, మనసుకు రంది. చాలు.

మనసు అలసట పోవాలంటే మాత్రం ఒక్కనికి అయ్యే పని కాదు, మంది కావాలె. మంది అంటే మనకు డప్పు. కొందరికి ఈ మాట కష్టమనిపిస్తది, ఎందుకంటే డప్పు మనకు సంబురంగ రాలేదు, వెట్టిగ వచ్చింది. వాళ్ల పెండ్లికి, వాళ్ల చావుకు, వాళ్ల ఎద్దుకు కొట్టినం. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిల దండోర మోగినంక అదే డప్పు మన మీటింగులల్ల మనకోసం మోగింది. మేమనేది ఏందంటే మీటింగు లేనినాడు కూడా మోగాలె. నాయకుడు వచ్చినప్పుడే కాదు, ఎవరూ రాని మంగళవారం సాయంత్రం కూడా. హైదరాబాద్‌ల భాగ్యరెడ్డి వర్మ 1906ల జగన్మిత్ర మండలి పెట్టి హరికథలతోటి జనాన్ని పోగు చేసిండు, అట్లనే తాగుడు మానుమని చెప్పిండు. కథ లేకుండ ఉట్టి ఉపన్యాసమే ఇచ్చి ఉంటే వాడల ఎందరు కూసునేటోళ్లో మాకు అనుమానమే. మన పక్క గూడేలల్ల గోండన్నలను చూడుండ్రి. దీపావళికి దండారి వచ్చిందంటే ఊరికి ఊరు పనికి దండం పెట్టి ఆడుతది, పాడుతది, ఇంకో ఊరికి చుట్టమై పోతది. ఆ గుస్సాడీ ఆటకే మార్లవాయి కనకరాజుకు 2021ల పద్మశ్రీ వచ్చింది. ఆయన 2024ల పోయిండు, ఆట పోలేదు. మన చిందు భాగోతం, మన ఒగ్గు కథ, మన బతుకమ్మ పాట ఎక్కడ పోయినయి? బెల్టుషాపు పక్కన డీజే డబ్బల కింద పడ్డయి.

ఇగ మగవాళ్లకు ఒక మాట. పైన చెప్పిన చాప, వేడినీళ్లు, పది నిమిషాలు, ఇవన్నీ ఇంట్ల ఆడమనిషికి దొరకాలంటే ఆ పది నిమిషాలు పొయ్యి కాడ ఎవరో ఒకరు కూసోవాలె. ఆ ఎవరో మీరే. నీళ్లు కాగబెట్టి ఇచ్చేది కూడా ఆమెనే అయితే అది ఆమెకు ఇంకో పని. వాడల అన్నలు సమానత్వం మీద గంట సేపు మాట్లాడగలరు, మాకు తెలుసు. ఆ గంటల అర్ధగంట బోళ్లు తోమండి. ఊరోళ్లు మనల్ని ఎట్ల చూసిండ్రో, మనం మన ఇంట్ల ఆమెను అట్ల చూస్తే ఆమెకు ఊరు ఒకటే, వాడ ఒకటే.

సంఘం కార్యకర్తలకు ఇంకో మాట. రాత్రి తొమ్మిదింటికి మొదలుపెట్టి పదకొండు దాకా మీటింగు నడిపితే దానికి ఆడవాళ్లు రారు. వచ్చినోళ్లు కూసున్నకాడనే కునుకుతరు. చైతన్యం లేదని మనం అంటం. చైతన్యం కాదు, నిద్ర లేదు. మన పక్క చంద్రపూర్‌ల 1956 అక్టోబర్ 16న బాబాసాహెబ్ వేలమందికి ధమ్మ దీక్ష ఇచ్చిండు. ఆయన ఎంచుకున్న ఆ బుద్ధుని కథ ఒకటి పాత బౌద్ధ వ్యాఖ్యానంల ఉన్నది. ఆళవి ఊరికి బుద్ధుడు వచ్చిండు. ఊరంతా బోధ వినుటానికి కూసున్నది. ఒక పేద రైతు తప్పిపోయిన ఎద్దును వెతుకుతూ పొద్దంత తిరిగి, ఆకలితోటి, ఆలస్యంగ వచ్చిండు. అందరూ ఎదురు చూస్తుంటే బుద్ధుడు నోరు విప్పలేదు. ముందు ఆ మనిషికి అన్నం పెట్టించిండు. తిని నిమ్మళించినంకనే బోధ మొదలుపెట్టిండు. మన మీటింగులకు ఇంతకన్న మంచి రూలు మాకు కనబడలేదు. సోణుడనే శిష్యుడు ఒళ్లు హూనం చేసుకుంటుంటే వీణ తీగ మరీ బిగిస్తే పలకదని చెప్పింది కూడా ఆయనే. ఉద్యమంల నిద్ర మాని, తిండి మాని, చివరికి మందుకు మరిగి నలభై అయిదు ఏండ్లకే పోయిన కార్యకర్తలు మనకు తెలుసు. వాళ్లకు మనం లాల్ సలాములు, జై భీములు చెప్పినం. పండుకో అన్నా అని ఒక్కనాడన్న చెప్పినమా?

అలసట వేరే, లోపల కుమిలిపోవుడు వేరే. ఎన్ని నీళ్లు పోసుకున్నా తీరకుండ, రెండు మూడు వారాలు నిద్ర పట్టకుండ, తిండి సయించకుండ, ఉత్తగనే ఏడుపొచ్చి, బతుకుడెందుకనే ఆలోచన వస్తుంటే అది జబ్బు, సిగ్గు కాదు. పత్తి మందు డబ్బా ప్రతి ఇంట్ల ఉండే నేల మనది. డబ్బాను కండ్లకు దూరం పెట్టి తాళం వేయండి. ఆ మనిషిని ఒక్కని విడిచిపెట్టకుండ్రి. సర్కారు దవాఖానకు తీసుకపోండి. 14416 కు ఫోను చేస్తే పైసలు లేకుండ తెలుగుల మాట్లాడుతరు. ఆ నెంబరు గద్దె మీద సున్నంతోటి రాసి పెట్టండి.

ఎండ సంగతి చెప్పకుండ ఈ ముచ్చట అయిపోదు. 2030 నాటికి ఎండల తాపంతోటి మన దేశంల పని గంటలల్ల 5.8 శాతం పోతయని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019ల అంచనా వేసింది. అది మూడు కోట్ల 40 లక్షల మంది చేసే పనికి సమానమట. పని పోతదని వాళ్ల రంది, పని చేసే మనిషి పోతడని మన రంది. 2005ల వచ్చిన ఉపాధి హామీ చట్టంల పని కాడ నీడ, తాగే నీళ్లు, మందుల డబ్బా, చిన్నపిల్లలను చూసుకునే మనిషి ఉండాలని రాసిండ్రు. ఎన్ని ఊర్లల్ల ఆ నీడ లేసిందో చేసినోళ్లకు తెలుసు. ఆసామి చేన్ల అయితే ఆ రాత కూడా లేదు.

కాబట్టి ఈసారి కూలి రేటు మాట్లాడేటప్పుడు రేటు ఒక్కటే మాట్లాడకుండ్రి. పని ఎన్నింటికి మొదలు, పగటిపూట చెట్టు కింద ఎంతసేపు, ఆ సేపటికి కూలి కోత ఉండదని, కిలో లెక్క అయినా నీళ్లు తాగే టైం విడిగ ఉంటదని, ఆటో వాడకు ఎన్నింటి వరకు తిరిగి రావాలనో కాగితం మీద రాయించుండ్రి. ఆ మాటలకు అక్కలను ముంగట కూసోబెట్టుండ్రి. సంతకం మేస్త్రిది కాదు, ఆసామిది.